వంతెన దగ్గర షిరల్గా

ముర్గాబ్,
అక్టోబరు 28

తమ్ముడు మామిర్‌కి,

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టడం అలవాటు కదా, ఈసారి ఆ వాక్యం వదిలేస్తున్నాను. మీ బావని ఖోరోగ్ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. తీసుకెళ్లిపొమ్మన్నారు. కడుపులో గడ్డ ఉందట, కోసే దశ దాటిపోయిందట. డాక్టరమ్మ మంచిదే, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. “ఆయన ఏది తింటానంటే అది పెట్టండి” అంది. ఆ మాటకి అర్థం నాకూ తెలుసు, మీ బావకీ తెలుసు. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూనే ఉన్నాడు.

ఏది తింటానంటే అది పెట్టమన్నారు బాగానే ఉంది, తింటానంటే కదా. మీగడ పెడితే మొహం తిప్పేస్తాడు. ఉప్పు వేసిన పాల చాయ్ రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టేస్తాడు. పక్కింటి సల్తనాత్ తన జడలబర్రె యాక్ ఈనిందని జున్ను తెచ్చి ఇచ్చింది. దానికి దండం పెట్టి పంపించాడు. ఆవిడ యాక్ మన ఎండుకంపల వామి సగం పీకి తినేసిందని నేను రెండు నెలలుగా ఆవిడతో మాట్లాడడం లేదు, ఇప్పుడు జున్ను మొహం చూసి మాట్లాడాల్సి వచ్చింది.

మొన్న పొద్దున మాత్రం తనంతట తనే నోరు తెరిచాడు. “ఈ ఇంట్లో కొండపొట్టేలు మాంసం ఉడికి ఎన్నేళ్లయిందే?” అన్నాడు. నాకు గుర్తు లేదన్నాను. “ఒక గిన్నెడు షోర్వా తాగలేకపోయినా ఫరవాలేదు, ఇల్లంతా ఆ వాసన రావాలి ఒక్కసారి” అన్నాడు. తరవాత ఎగతాళి మొదలుపెట్టాడు. “బావమరిది వేట క్యాంపులో గైడు. ఇంట్లో ఆలుగడ్డ షోర్వా. మంచి సంబంధమే చేసుకున్నాను.”

నవ్వాడు గానీ నీకు చెప్పమనే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. ఇరవై ఏళ్లు ఆ క్యాంపులోనే గైడుగా చేసినవాడు, అక్కడి పద్ధతులు తెలియకా కాదు. అయినా అడిగాడు. నువ్వేం చేస్తావో నాకు తెలియదు.

ఈ ఉత్తరం మీ క్యాంపుకి పట్టుకొచ్చే సాత్తార్ జీపు స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

మీ అక్క
జిపార్

*

కోక్-జిల్గా క్యాంపు,
నవంబరు 2

అక్కకి,

సాత్తార్ జీపు ఆగకముందే దిగి నీ ఉత్తరం చేతిలో పెట్టాడు. చదివి గుర్రాల దొడ్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఏడ్చానని మాత్రం రాయను. బావకి చదివి వినిపిస్తావు, ఆయన ఇక బతికినన్నాళ్లూ నన్ను ఏడిపిస్తాడు.

మాంసం సంగతి. బావకి తెలిసిందే, నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ పొట్టేలుని కొట్టేది విదేశాల నుంచి వచ్చిన అతిథి. కొమ్ములూ తోలూ ఆయన పట్టుకుపోతాడు. మాంసం క్యాంపుది, అంటే మేనేజరు ఉమెద్‌ది. ఎవరికి పంపాలో, ఎవరి మెప్పు కోసం పంపాలో ఆయనకే తెలుసు. పోయినేడాది తోలు ఒలిచేవాడొకడు జబ్బ ఒకటి గోనెలో వేసుకుంటే ఆ సాయంత్రమే ఇంటికి పంపించేశారు. సాత్తార్ జీపుని గేటు దగ్గర సీటు కింద దాకా వెతుకుతారు.

అతిథిని అడగొచ్చు కదా అంటావు. అది అసలు కుదరదు. గైడు అడగకూడదు. ఆఖరి రోజు పొద్దున, బండి పక్కన, అందరూ చూస్తుండగా వాళ్లే ఇస్తారు. ముందు వంటావిడకి, తరవాత డ్రైవరుకి, ఆపైన తోలు ఒలిచేవాడికి, అందరికన్నా చివర గైడుకి. రెండు చేతులా తీసుకోవాలి, తీసుకున్నది చూడకుండా జేబులో పెట్టుకోవాలి. చూస్తే ఆశపోతు. మన మర్యాద ప్రకారం “ఎందుకండీ” అన్నామా, కొందరు నిజంగానే వెనక్కి పెట్టేసుకుంటారు. వంటావిడ గుల్‌జాన్ అలా అని పోగొట్టుకుని రొట్టెలు చేస్తూ సాయంత్రం దాకా ఏడ్చింది. ఇక గైడు చేతిలో ఏమీ పడలేదంటే వాడు జంతువుని చూపించలేనివాడని అర్థం. మేనేజరు కళ్లన్నీ ఆ చేతి మీదే ఉంటాయి.

ఇవన్నీ నాకు నేర్పింది బావే కాబట్టి ఇంక ఎక్కువ రాయను.

మొన్న వెళ్లిన అతిథులు ఇద్దరన్నదమ్ములు. నాకు తలకి కట్టుకునే టార్చిలైటు ఒకటి, కొంత డబ్బు, వాళ్ల దేశపు మాంసం డబ్బాలు ఐదు ఇచ్చారు. డబ్బాలూ డబ్బూ సాత్తార్ చేత పంపుతున్నాను. ఆ మాంసం చాలా ఖరీదైనదట, ఉప్పు తక్కువ, కడుపుకి తేలిక. వేడి చేసి పెట్టు. మందులకి ఇంకా కావాలంటే మొహమాటపడకుండా రాయి.

మీ తమ్ముడు
మామిర్

*

ముర్గాబ్,
నవంబరు 6

ఒరేయ్ మామిర్,

డబ్బు నేను అడిగానా? ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకో. డబ్బు ఎక్కడైనా కనపడితే నాకు చూపించు. మందులు అయిపోయాయి, అంటే వాడడం ఆపేశాం.

డబ్బా మీద ఆవు బొమ్మ ఉంది. ఒకటి తెరిచాను. గులాబి రంగులో, సబ్బు బిళ్లలా జారి పళ్లెంలో పడింది. మీ బావ దాన్ని అటూ ఇటూ చూసి, “ఇది కొండలెక్కిన జంతువులా లేదే, మంచం దిగిన జంతువులా కూడా లేదు” అన్నాడు. ఆ తరవాత నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. నవ్వితే నొప్పట. డబ్బాలు సల్తనాత్ పట్టుకెళ్లింది, ఆవిడ పిల్లలు ఇష్టంగానే తిన్నారు.

నవ్వయ్యాక కాగితం తెమ్మన్నాడు. ఇక్కడి నుంచి ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. నా మాటలు కావు.

“బావమరిదీ, నువ్వు క్యాంపు మర్యాదలు మీ అక్కకి భలే నేర్పావు. నేను నీకు ఇవన్నీ నేర్పేటప్పుడు నీ ముక్కు కారుతుండేది. ఒక్కటి మాత్రం మరిచిపోయావు. క్యాంపు రాకముందు, మేనేజరు అనేవాడు పుట్టకముందు, వేటగాడు కొండ దిగి వస్తుంటే ఎదురైనవాడు ఏమనేవాడు? షిరల్గా అనేవాడు. ఆ మాట చెవిన పడ్డాక వేటగాడు గుర్రం దిగి, జంతువులోంచి వాటా తీసి ఇచ్చి తీరాలి. తెలిసినవాడా, తెలియనివాడా, ఉన్నవాడా, లేనివాడా అని చూడకూడదు. అది అడుక్కోవడం కాదు. అడిగినవాడికి హక్కు, ఇచ్చినవాడికి రేపటి వేట. మా నాన్న గుర్రం మీద ఉన్న పొట్టేలంతా దారిలోనే పంచేసి ఉత్త చేతులతో ఇల్లు చేరిన రోజులున్నాయి, మా అమ్మ ఒక్కమాట అనలేదు. కాబట్టి నువ్వు అతిథిని అడగక్కర్లేదు. దొంగతనం చెయ్యక్కర్లేదు. నన్ను దారిలో నిలబెట్టు చాలు. పొట్టేలుని కొట్టిన మనిషి ఎదురొస్తే నేనే అంటాను ఆ మాట. ఇరవై ఏళ్లలో నేనెవరినీ ఏమీ అడగలేదు. ఇది కూడా అడగడం కాదు.”

అంతే చెప్పాడు. చెప్పి ఆయాసపడి పడుకున్నాడు. ఈ నాలుగు ముక్కలు చెప్పినంతసేపూ కళ్లు ఎలా ఉన్నాయనుకున్నావు, పెళ్లిచూపులకి వచ్చినప్పటి కళ్లురా అవి. ఇది నీ చేతిలో ఉంది, మామిర్. ఆలస్యం చెయ్యకు.

జిపార్

*

కోక్-జిల్గా,
నవంబరు 14

అక్కకి, బావకి,

పని అవుతుంది.

ఈ వారం వచ్చిన అతిథి పేరు రైనర్. జర్మనీ మనిషి, డెబ్భై దాటాయి. ఒక్కడే వచ్చాడు. చిన్నప్పుడు బడిలో రష్యన్ నేర్చుకున్నాడట. నాకొచ్చిన రష్యనూ, ఆయనకొచ్చిన రష్యనూ కలిపితే ఒక మనిషికి సరిపడా అవుతుంది. అందరినీ కామ్రేడ్ అంటాడు, గుర్రాన్ని కూడా. మొదటి రోజు కొండెక్కుతూ మధ్యలో కూలబడి, “కామ్రేడ్ మామిర్, ఇక్కడ ఊపిరి ఎక్కడ అమ్ముతారు?” అన్నాడు. నాకు ఇంత నచ్చిన అతిథి ఈ మధ్య రాలేదు.

గాలికి ఎదురుగా పాకించుకుంటూ తీసుకెళ్లాను. బావ చూపించిన ఆ ఎర్రరాళ్ల గట్టు వెనకే, ఇప్పటికీ అక్కడే పడుకుంటున్నాయి. ముసలి పొట్టేలు, మెడ మీద జూలు తెల్లబడిపోయింది. ఒక్క గుండుకే పడింది. రైనర్ టోపీ తీసి దాని పక్కన కూర్చుని, ఆ జూలు చేత్తో సర్దాడు. అటువంటి మనిషి.

దిగి వచ్చేటప్పుడు బావ మాట ఎత్తాను. “మీరు ఓష్ పట్నం వెళ్లే దారిలో ముర్గాబ్ వంతెన దగ్గర ఒక ముసలి వేటగాడు నిలబడి ఉంటాడు. షిరల్గా అంటాడు. ఆ మాట విన్నాక ఇవ్వకుండా ముందుకి వెళ్లకూడదు, మా ఆచారం” అన్నాను. షిరల్గా అంటే ఏమిటన్నాడు. ఆ మాటకి రష్యన్‌లో మాట ఎక్కడ వెతకను? కాసేపు తడుముకుని, “మీరు ఆఖరి రోజు మాకు ఇస్తారే టీ డబ్బులు, ఇది మా తాతల నాటి టీ డబ్బులనుకోండి” అన్నాను. ఆయనకి ఠక్కున అర్థమైపోయింది. సంతోషపడ్డాడు కూడా. “ఎంత ఇవ్వాలి?” అన్నాడు. ఎంత అనేది మనం చెప్పకూడదు కదా. మీ మనసుకి ఎంత తోస్తే అంత అన్నాను. ఆయన నీకేమవుతాడని అడిగాడు. “మా అక్క భర్త. ఈ కొండలన్నీ నాకు చూపించింది ఆయనే. ఆయనకిస్తే నాకిచ్చినట్టే” అన్నాను. రైనర్ నా భుజం తట్టి కన్నుగీటాడు. చూశావా బావా, మనిషి మంచివాడైతే ఏ భాషైనా సరిపోతుంది.

పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం బండి వంతెన దగ్గరికి వస్తుంది. ఆయన్ని తీసుకెళ్లడానికి ఓష్ నుంచి వచ్చే తెల్లబండి, పైన కొమ్ములు కట్టి ఉంటాయి. బావని అక్కడికి తీసుకురా. ఆయన ఆ మాట అంటే చాలు. మీరెవరూ ఇంకేమీ అడగొద్దు, మిగతాది నాకు వదిలెయ్యండి. కొన్ని సంగతులు కాగితం మీద పెట్టను, ఈ ఉత్తరం ఎంతమంది చేతుల్లోంచి వస్తుందో నాకు తెలియదు.

పెద్ద కుండ కడిగి పెట్టుకో అక్కా.

మామిర్

*

ముర్గాబ్,
నవంబరు 16

తమ్ముడికి,

సాత్తార్ ఇప్పుడే తిరిగి వెళతాడట, రెండు ముక్కలే. కుండ కడిగాను. మీ బావ గడ్డం గీయించుకున్నాడు. నడుముకి వేటబెల్టు పెట్టమన్నాడు, కొత్తగా మూడు చిల్లులు పొడిస్తే గానీ నిలవలేదు. కారులో కూర్చునే ఆ మాట అనొచ్చు కదా అంటే కసిరాడు. “షిరల్గా ఎవడైనా కూర్చుని అంటాడా, నిలబడి అనాలి” అన్నాడు.

నిన్న ఒక ముక్క రొట్టె తిన్నాడు. పంతొమ్మిదో తారీకుకి ఆకలి దాచుకుంటున్నానని చెప్పాడు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

జిపార్

*

కోక్-జిల్గా,
నవంబరు 19, సాయంత్రం

అక్కా,

ఈపాటికి నీ కుండ పొంగుతూ ఉంటుంది. ఇప్పుడు రాయొచ్చు. కొండ మీద తోలు ఒలిచేటప్పుడే వెనక కాలు ఒకటి కోసి మంచులో కప్పెట్టాను. పొద్దున చీకటితో వెళ్లి తెచ్చి, నమదా కంబళిలో చుట్టి, రైనర్ బండి వెనక సామాన్ల కింద పెట్టాను. అతిథి బండిని ఎవరూ వెతకరు. ఓష్ డ్రైవరుకి, “వంతెన దగ్గర అతిథి అడిగినప్పుడు ఈ మూట తీసి ఇవ్వు” అని చెప్పాను. పొట్టేలు రైనర్‌ది, ఇచ్చేది రైనరు, ఇందులో దొంగతనం ఏముంది? బావ కూడా ఒప్పుకుంటాడు. ఎముకలో మూలుగ ఆయనకే పెట్టు.

ఇక నా సంగతి. బావ కడుపు నిండాక తీరిగ్గా చదివి వినిపించు, ఆయన ఏమంటాడో రాయి.

పొద్దున అందరం బండి పక్కన నిలబడ్డాం. రైనర్ గుల్‌జాన్‌కి కవరిచ్చాడు. ఇక్కడి డ్రైవరుకి, ఒలిచేవాడికి, నీళ్లు కాచేవాడికి కూడా ఇచ్చాడు. నా దగ్గరికి వచ్చి కౌగిలించుకున్నాడు. కన్నుగీటాడు. బండెక్కాడు. అంతే. నా చేతులు రెండూ ముందుకి చాపే ఉన్నాయి, వాటిని ఏం చేసుకోవాలో తెలియక చేతిగుడ్డ సర్దుకున్నట్టు నటించాను.

నేను ఏం తక్కువ చేశాను? ముసలి పొట్టేలు, ఒక్క గుండు, కాలు బెణకకుండా దింపాను. ఊపిరాడకపోతే వీపు మీద మోశాను. మేనేజరు ఉమెద్ అప్పుడేమీ అనలేదు. భోజనాల దగ్గర అన్నాడు. “ఆ ముసలాయన నీళ్లు కాచినవాడిని కూడా మరిచిపోలేదు. నిన్ను మరిచిపోయాడంటే మరుపు కాదు” అన్నాడు. అందరూ గిన్నెల్లోకి చూశారు. రేపటి నుంచి నన్ను గుర్రాల పనిలోకి మార్చాడు. వచ్చే అతిథికి ఇంకొకరు గైడు. గైడు పని ఒకసారి పోతే మళ్లీ రాదని బావకి తెలుసు.

డబ్బు కోసం కాదు అక్కా. కన్నెందుకు గీటాడో అది అర్థం కావడం లేదు. నవ్వుకున్నాడేమో అనిపిస్తోంది.

పోనీ. బావ షోర్వా తాగాడు కదా. ఆ ఒక్కటీ తలుచుకుని పడుకుంటాను.

మామిర్

*

ముర్గాబ్,
నవంబరు 20

మామిర్,

సాత్తార్ వచ్చేదాకా ఆగలేను, పశువుల డాక్టరు మీ వైపు వెళుతున్నాడంటే ఆయన చేతికి ఇస్తున్నాను. ఇందులో నోటు ఒకటి ఉంది. అది నీది. ఎందుకో చదివితే తెలుస్తుంది.

సల్తనాత్ వాళ్ల పాత కారులో మీ బావని వంతెన దగ్గరికి తీసుకెళ్లాం. గాలి మొహాన్ని కోసేస్తోంది. కారులోనే కూర్చోమంటే వినలేదు, బండి రాకముందే దిగుతానన్నాడు. ఒక పక్క నేను, ఒక పక్క సల్తనాత్ మొగుడు పట్టుకున్నాం. కల్పాక్ టోపీ, వేటకోటు, బెల్టు. కోటు లోపల మనిషి లేడు, అయినా నిలబడ్డాడు. బండి కొండ మలుపు తిరగ్గానే నన్ను తోసేశాడు. పట్టుకుంటే బాగుండదట.

బండి ఆగింది. మీ బావ అన్నాడు. మొదటిసారి గొంతు రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు, “షిరల్గా.” గట్టిగానే అన్నాడురా.

తెల్లజుట్టు ముసలాయన దిగాడు. టోపీ తీశాడు. మీ బావ ఆయన్ని చూడలేదు, బండి మీద కట్టిన కొమ్ములనే చూస్తున్నాడు. ఆయన దగ్గరికొచ్చి మీ బావ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అరచేతిలో ఏదో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశాడు. రష్యన్‌లో ధన్యవాదాలన్నాడు. కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. అదే నాకు ఇంకా మండుతోంది, చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని.

బండెక్కాడు. మీ బావ అలాగే నిలబడ్డాడు. వెనక తలుపు తెరుస్తారని చూస్తున్నాడు. బండి కదిలితే, “ముందుకెళ్లి ఆపుతాడులే, ఇక్కడ జారుగా ఉంది” అన్నాడు. బండి వంతెన దాటింది. అవతల మలుపు కూడా దాటింది. దుమ్ము అణిగేదాకా చూశాం. నేనేమైనా అడిగి ఉండాల్సిందేమో. ఇంకేమీ అడగొద్దని నువ్వే రాశావు.

అప్పుడు చెయ్యి తెరిచి చూసుకున్నాడు. పెద్ద పచ్చనోటు, నాలుగు మడతలు. మీ బావకి అదేమిటో తెలియదా? ఇరవై ఏళ్లు తీసుకున్నాడు. నోటు వైపే చూస్తూ, “నేనేం చూపించానని ఇచ్చాడే ఇది?” అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. “ఏదీ చూపించకుండా నేనెప్పుడూ తీసుకోలేదు. దారిలో నిలబడ్డ ముసలాడని వేశాడు” అన్నాడు. కారెక్కాక టోపీ తీసేశాడు. “చూపించింది మామిరు, వాడికి పంపించెయ్యి” అన్నాడు. అదే ఆఖరి మాట. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీళ్లు కూడా తీసుకోవడం లేదు.

నువ్వేం చెప్పావురా ఆయనతో? ముష్టి వేసి వెళ్లమన్నావా? ఆకలి దాచుకున్న మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టి ముష్టి వేయించావు. క్యాంపు మర్యాదల గురించి నాకు రెండు పేజీలు రాశావే.

జిపార్

*

కోక్-జిల్గా,
నవంబరు 24

అక్కా,

ఉత్తరం విప్పగానే నోటు గుర్రాల పేడలో పడింది. తీసి తుడిచాను. చదివాను. రెండోసారి చదువుతుంటే రైనర్ కన్నెందుకు గీటాడో తెలిసింది.

ఆయన తప్పేం చెయ్యలేదు. నేను చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా చేశాడు. షిరల్గా అంటే టీ డబ్బులన్నాను. ఆయనకిస్తే నాకిచ్చినట్టే అన్నాను. ఎంత అంటే మనసుకి తోచినంత అన్నాను. నాకివ్వాల్సింది తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాడు. మేనేజరు కంటబడకుండా ఇంట్లోవాళ్లకి చేరవేయమని నేను కిటుకు చెప్పాననుకున్నాడు కాబోలు, అందుకే కన్నుగీటాడు. డ్రైవరు కూడా నేను చెప్పినట్టే చేశాడు. అతిథి అడిగితే ఇవ్వమన్నాను, అతిథి అడగలేదు. ఇక్కడ ఫోను పలకదు కదా, సాత్తార్ ఊళ్లోకి వెళ్లినప్పుడు ఆ డ్రైవరుతో మాట్లాడాడు. ఓష్‌లో కొమ్ములు దింపుతుంటే నమదా మూట కనపడిందట. ఎవరిదో తెలియక ఇంటికి పట్టుకెళ్లాడట. పిల్లలు తిన్నారట. చాలా బాగుందన్నాడట.

నోటు తీసుకెళ్లి ఉమెద్‌కి చూపించాను. “ఇంటి నుంచి తెప్పించుకున్నావా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా ఆయన స్థానంలో ఉంటే నవ్వేవాడినే. సెలవు అడిగాను, గుర్రాలకి మనిషి లేడన్నాడు. వచ్చే అతిథి ఇరవై ఎనిమిదిన దిగుతాడు. ఈసారి గోనెలో వేసుకుని నడుచుకుంటూ అయినా వస్తాను. ఉద్యోగం ఇక ఎలాగూ లేదు.

కింద రాసింది బావకి పైకి చదువు. గోడ వైపు తిరిగి ఉన్నా సరే చదువు.

బావా, అది ముష్టి కాదు. అది నా వాటా, దారి తప్పి నీ చేతిలోకి వచ్చింది. పొట్టేలు కాలు ఆ బండిలోనే, నీకు ఐదడుగుల దూరంలో ఉంది. ఆ ముసలాయనకి నీ మాట వినపడింది, నా మాట వల్ల చెడింది. ఏం చూపించానని అడిగావట. నాకు మీసం రానప్పుడు ఎర్రరాళ్ల గట్టు మీద నా తల పట్టుకుని తిప్పి, “అక్కడ రాయి కదులుతోంది చూడు” అన్నావు. నాకు ఏమీ కనపడలేదు. కనపడిందని అబద్ధం చెప్పాను. నువ్వు నవ్వి, కనపడేదాకా నన్ను అక్కడే కూర్చోబెట్టావు. రైనర్ పొట్టేలు ఆ రాళ్లలోంచే లేచింది. నువ్వు చూపించిందే నేను ఆయనకి చూపించాను. ఆ నోటు నీదే. షిరల్గా కూడా నీకు రావలసే ఉంది. నేను తెచ్చేదాకా ఉండు.

మామిర్

*

ముర్గాబ్,
డిసెంబరు 4

తమ్ముడికి,

రావడానికి వీల్లేకపోయిందని సాత్తార్ చెప్పాడు. నువ్వు గుర్రాలతో కొండ మీద ఉండగానే జీపు బయల్దేరిందట, ఆ వెనకే కనుమ మూసుకుపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు. నేనేమీ అనుకోవడం లేదు. ఊరు అనుకుంటుంది, అనుకోనీ.

మీ బావ ఇరవై ఏడు తెల్లవారుజామున పోయాడు. నీ ఉత్తరం ఆ సాయంత్రం వచ్చింది. అప్పటికి వాకిట్లో గుడారం వేసి ఆయన్ని అందులో పడుకోబెట్టారు. ఆడవాళ్లందరం లోపల కూర్చున్నాం. నేను ఏడుపుపాట ఎత్తుకోవాలి, పెళ్లాన్ని కదా. ఎత్తుకోలేదు. నువ్వు పైకి చదవమన్నది పైకి చదివాను. ఏడుపుపాట పాడాల్సిన చోట ఉత్తరం చదువుతోందేమిటని మా ఆడపడుచు గొణిగింది. పూర్తిగా చదివాను. ఎర్రరాళ్ల దగ్గరికొచ్చి ఆగాను, ఆ ముక్క మొదటి నుంచీ మళ్లీ చదివాను. ఆయన మొహం అప్పుడు గోడ వైపు లేదు, పైకే ఉంది. అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు.

మర్నాడు మీ మేనేజరు ఉమెద్ మనిషిని పంపించాడు. క్యాంపులో ఇరవై ఏళ్లు చేసినవాడని, భోజనాలకి పనికొస్తుందని, సాత్తార్ జీపులో పొట్టేలు తొడలు రెండు పంపించాడు. గేటు దగ్గర ఎవరూ వెతకలేదట. ఆ మూటలు దింపుతూ సాత్తార్ నా మొహం చూడలేకపోయాడు. పెద్దవాళ్లందరూ ఉమెద్‌ని మెచ్చుకున్నారు. పద్ధతి తెలిసిన మనిషన్నారు. ఆయన కోసం దువా చేశారు.

నువ్వు కడిగి పెట్టుకోమన్న కుండలోనే వండాను. వేరెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఊరంతా తిన్నది. నేను తినలేదు.

నీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నీ తప్పు కాదని రాస్తే నువ్వు నమ్మవు, నీ తప్పేనని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆ నోటు ఇంకోసారి ఇక్కడికి పంపొద్దు. గుర్రాలని జాగ్రత్తగా చూసుకో.

ఇల్లంతా ఆ వాసనే, మామిర్. ఇన్ని రోజులైనా పోలేదు, పరుపుల్లోకి కూడా పట్టేసింది. పరామర్శకి వచ్చినవాళ్లని తలుపు తొందరగా వెయ్యమంటున్నాను. చలికి అనుకుంటున్నారు.

మీ అక్క
జిపార్